స్వర్ణయుగం ఎప్పుడో తేల్చడం ఎలా? రాయల కాలాన్ని ముందు పెట్టుకుని ఒక సమగ్ర మార్గదర్శి

బజారులో రాశులు పోసి అమ్మిన రత్నాలు, అన్నమయ్య కీర్తనలు, లేపాక్షి గుడి, వసుచరిత్ర. ఈ నాలుగింటినీ కలిపి "రాయల కాలం" అనే ఒకే మూటలో కట్టేయడం మనకు అలవాటు. ఇప్పుడు మూట విప్పి చూడండి. విజయనగరం బజార్లలో మణులు బాహాటంగా అమ్ముతున్నారని పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ రాసింది 1443లో, రెండో దేవరాయల హయాంలో. అన్నమయ్య కన్నుమూసింది 1503లో. లేపాక్షి వీరభద్రాలయం కృష్ణదేవరాయల తర్వాత గద్దెనెక్కిన అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించినది. వసుచరిత్ర అయితే హంపీ పాడుబడ్డాక, పెనుకొండ నుంచి ఏలిన తిరుమల రాయలకు అంకితమైంది. కృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్నది 1509 నుంచి 1529 దాకా. నాలుగింటిలో ఒక్కటీ ఆ ఇరవై ఏళ్ళలో పడదు.

అంతమాత్రాన రాయల గొప్పతనం అబద్ధం అనడం లేదు. మనం స్వర్ణయుగం అనే మాటను ఎంత వదులుగా వాడతామో చూపించడానికే ఇది చెప్పాను. ఏ దేశానికైనా ఆ మాట వాడే ముందు ఏమేం సరిచూసుకోవాలో, నేను చేసే పద్ధతిలోనే వరసగా చెప్తాను. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు తప్పనిసరి.

మొదటి మెట్టు: దేశం అంటే ఎవరు?

"మన దేశపు స్వర్ణయుగం" అనగానే ముందు ఆ "మన" ఎవరో రాసుకోవాలి. సగం గొడవలు ఇక్కడే తెగిపోతాయి.

విజయనగరాన్నే తీసుకోండి. రాయలది తుళువ వంశం. బిరుదుల్లో కన్నడ రాజ్య రమారమణుడు, మనకేమో ఆంధ్రభోజుడు. రాజధాని ఇవాళ్టి కర్ణాటకలో ఉంది. తమిళ ప్రాంతంలోని గుళ్ళకు ఆయన గోపురాలు కట్టించాడు. కన్నడిగుడు "మా స్వర్ణయుగం" అన్నా, తెలుగువాడు "మాది" అన్నా ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి.

ఇంకో చిక్కు. తెలుగువాళ్ళందరూ ఆయన ఏలుబడిలో లేరు. కొండవీడు 1515 వరకు ఒడిశా గజపతుల చేతిలో ఉంది. తెలంగాణలో చాలా భాగం బహమనీల కింద, ఆ తర్వాత గోల్కొండ సుల్తానుల కింద ఉంది. కాబట్టి "రాయల కాలం తెలుగు జాతికి స్వర్ణయుగం" అనే వాక్యంలో ఓరుగల్లు రైతుకు చోటు లేదు. ఆ గోల్కొండలోనే 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. "తెలుగు సాహిత్యం" అని గీత గీస్తే ఆయన లోపలికి వస్తాడు. "విజయనగర సామ్రాజ్యం" అని గీస్తే బయటే ఉంటాడు.

రాజ్యమా, భాషా, నగరమా, ఇవాళ్టి మ్యాపులో ఉన్న రాష్ట్రమా, ఒకటి ఎంచుకోండి. మధ్యలో మార్చకండి. వాదనలో ఓడిపోతున్నామనిపించినప్పుడు మార్చాలని చెయ్యి దురద పెడుతుంది, అప్పుడు మరీ మార్చకండి.

రెండో మెట్టు: పట్టిక గీయడం

నోట్‌బుక్‌ను అడ్డంగా తిప్పండి. ఎడమ పక్కన పదేసి ఏళ్ళ చొప్పున అడ్డగళ్ళు వేయండి. రాజుల పేర్లు రాయకండి, ఏళ్ళే రాయండి. రాజు పేరు పెడితే ఆ కాలంలో జరిగినదంతా ఆయనే చేసినట్టు కనిపిస్తుంది. విజయనగరానికి నేను 1420 నుంచి 1580 దాకా వేసుకున్నాను. మీరు అనుమానిస్తున్న కాలానికి అటూ ఇటూ కనీసం యాభై ఏళ్ళు ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ దొరకదు.

పైన నాలుగు నిలువుగళ్ళు: బలం (సైన్యం, ఖజానా, సరిహద్దులు), నగరం (వ్యాపారం, కట్టడాలు), చదువు (సాహిత్యం, కళలు, శాస్త్రం), కూడు (మామూలు మనిషి తిండి, పన్నులు, బతుకు). నాలుగో గడి అందరూ మర్చిపోయేది. నింపడానికి కష్టమైనదీ అదే.

స్వర్ణయుగం అంటే నాలుగు గళ్ళూ ఒకేసారి నిండాలని ఎక్కడా లేదు. కానీ ఒక గడి నిండింది చూసి నాలుగూ నిండాయని చెప్పకూడదు. మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. చదువు గడిలో ప్రబంధాలు చూసి కూడు గడిలో పాయసం వడ్డించేస్తారు.

మూడో మెట్టు: తేదీలు సరిచూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. కొంచెం ఓపిక పడితే అసలు మజా ఇక్కడే ఉంది.

శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఏడాది చివరి నెలల్లోనైతే 79 కలపాల్సి రావచ్చు. పక్కనే ప్రభవ, విభవ అంటూ సంవత్సరం పేరు కూడా ఉంటుంది. అది మనకు ఉచితంగా దొరికిన తాళంచెవి. ఉదాహరణకు రాయలు కొండవీడు పట్టుకున్నది శక 1437, యువ సంవత్సరం. 1437కి 78 కలిపితే 1515. మరి యువ సరిపోయిందా? మనకు తెలిసిన యువ 1995 ఉగాదికి వచ్చింది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఎనిమిది చుట్లు, అంటే 480 ఏళ్ళు వెనక్కి పోతే సరిగ్గా 1515. రెండు లెక్కలూ కలిశాయి, తేదీ నమ్మొచ్చు. ఎవరైనా శక సంవత్సరం ఒకటి, దానికి కుదరని పేరొకటి ఉన్న తేదీ చెప్తే ఆగి మళ్ళీ అడగండి.

కావ్యాలకు ఈ సుఖం లేదు. అక్కడ పని చేసే చిట్కా ఒకటుంది: కృతిభర్త ఎవరో చూడండి. కవి ఏ కొలువులో కూర్చున్నాడని కథలు చెప్తాయో పక్కన పెట్టి, పుస్తకం ఎవరికి అంకితమిచ్చాడో చూస్తే కాలం దొరుకుతుంది. అష్టదిగ్గజాలని మనం బడిలో బట్టీ పట్టిన ఎనిమిది మందిని ఇలా వడకట్టి చూడండి. మనుచరిత్ర, పారిజాతాపహరణం రాయలకు అంకితం. పెద్దన, తిమ్మన గట్టిగా నిలబడ్డారు. మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రను కొండవీటి పాలకుడు, తిమ్మరుసు మేనల్లుడు అయిన నాదెండ్ల అప్పకు ఇచ్చాడు. కాలం అదే, కొలువు వేరు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుడికి ఇచ్చుకున్నాడు. దేవుడికి తేదీ ఉండదు కాబట్టి ఈ చిట్కా అక్కడ పారదు. అయ్యలరాజు రామభద్రుడి రామాభ్యుదయం అళియ రామరాయల మేనల్లుడు గొబ్బూరి నరసరాజుకు, పింగళి సూరన కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణమరాజుకు, తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రి మంత్రికి, భట్టుమూర్తి వసుచరిత్ర తిరుమల రాయలకు. ఇవన్నీ రాయల తర్వాతివి.

తెనాలి రామకృష్ణుడి కథలు విని పెరిగిన నాకు ఇది మొదట మింగుడుపడలేదు. కానీ పట్టికలో పెట్టి చూస్తే చదువు గడి 1510లలో మొదలై 1570ల దాకా ఆగకుండా నిండుతూనే ఉంది. అంటే ప్రబంధ యుగం రాయలతో మొదలైంది గానీ రాయలతో అయిపోలేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పాడుబడింది. బలం గడి ఖాళీ అయింది. చదువు గడి మాత్రం ఖాళీ కాలేదు, ఊరు మార్చుకుంది.

గుప్తుల విషయంలోనూ ఇదే తమాషా. స్వర్ణయుగం అనగానే రెండో చంద్రగుప్తుడు, అంటే ఇంచుమించు 380 నుంచి 415 దాకా. ఆర్యభటుడు పుట్టింది 476లో. ఆయన ఆర్యభటీయం రాసే నాటికి సామ్రాజ్యం కుంగిపోతోంది. అజంతాలో మనం నోరు తెరుచుకుని చూసే గుహల్లో పేరున్నవి వాకాటక రాజు హరిషేణుడి కాలంవి, గుప్తులవి కావు.

నాలుగో మెట్టు: సాక్షుల్ని విడివిడిగా పిలవడం

కోర్టులో లాగే ఇక్కడా సాక్షులందరినీ ఒకేసారి లోపలికి రానివ్వకూడదు. ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పుడొచ్చావు? ఎవరింట్లో దిగావు? ఏం పని మీద వచ్చావు?

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో వచ్చాడు. నగరం రోమ్ అంత ఉందన్నాడు, ప్రపంచంలో ఇంత సమృద్ధిగా సరుకులున్న ఊరు లేదన్నాడు. అబద్ధం చెప్పాడని కాదు. కానీ ఆయన కళ్ళు చెదిరేలా వర్ణించింది మహర్నవమి ఉత్సవాలను. పెళ్ళిరోజు విందు తిని ఆ ఇంటి రోజువారీ ఖర్చు చెప్పమంటే ఎవరైనా ఎక్కువే చెప్తారు కదా.

పదిహేనేళ్ళ తర్వాత, అచ్యుతరాయల కాలంలో రాసిన నూనిజ్ గుర్రాల వర్తకుడు. రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని లెక్క కట్టాడు. వర్తకుడి కన్ను డబ్బు ఎటు పోతోందో చూస్తుంది. భూమంతా రాజుదని, రాజు కింది సామంతులైన నాయకులు దాన్ని సాగుదార్లకు ఇస్తారని, సాగుదారు పదింట తొమ్మిది వంతులు నాయకుడికి కట్టాలని రాశాడు. తొమ్మిది వంతులంటే మరీ ఎక్కువ, అక్షరాలా నమ్మక్కర్లేదు. అయినా మామూలు జనం నాయకుల చేతిలో నలిగిపోతున్నారన్నది ఆయన చెప్పిన మాట. పేస్ చూసిన బజారూ, నూనిజ్ చెప్పిన పొలమూ ఒకే రాజ్యంలోవి. ఒకరి మాట వాడుకుని రెండోవారిని దాచేసే వ్యాసం కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇక స్వయంగా రాజే సాక్షి అయితే? ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ రాయలు రేవులు బాగుచేయాలని, విదేశీ వర్తకులను ఆదరించాలని, చెరువులు కాలవలు తవ్వించాలని, పేదవాడికి పన్ను తగ్గించాలని రాశాడు. చాలామంది దీన్ని తెచ్చి "చూశారా, ఆ రోజుల్లో ఇలా ఉండేది" అంటారు. కాదు. "ఇలా ఉండాలి" అని రాజు అనుకున్నాడనడానికే అది సాక్ష్యం. మ్యానిఫెస్టో చదివి పథకం అమలైందని రాసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

చివరి సాక్షి జ్ఞాపకం. రాయలు పోయాక, ఆయనతో పాటు స్వర్గానికి పోలేక జీవచ్ఛవంలా బతికున్నానని పెద్దన ఏడ్చిన చాటుపద్యం ఒకటి నోటినోటా వచ్చింది. రాజు ఎదురైతే ఏనుగును ఆపి చెయ్యి అందించి ఎక్కించుకున్నాడట, పల్లకీ తన చేత్తో ఎత్తాడట. ఆ పద్యం వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ పట్టికలో దాన్ని ఎక్కడ పెట్టాలి? అది ఒక కవికి ఒక రాజు ఇచ్చిన గౌరవం. చదువు గడిలో రాయొచ్చు, కూడు గడిలోకి తేవద్దు. దూరపు కొండలు నునుపు అన్నారు. కొండ దిగి వచ్చినవాడికి అది ఇంకా నునుపు.

ఐదో మెట్టు: చెమట ఎవరిది?

ఒక చెరువు దగ్గర కాసేపు నిలబడదాం. రాయలు తన రాజధాని దగ్గర, ఇవాళ్టి హోస్పేట పక్కన, ఒక పెద్ద చెరువు కట్టించాడు. పోర్చుగీసు మేస్త్రీ ఒకడు సాయం చేశాడు. పేస్ అక్కడికి వెళ్ళి చూశాడు. పదిహేను ఇరవై వేల మంది చీమల్లా పని చేస్తున్నారట, వాళ్ళ కాళ్ళ కింద నేల కనిపించలేదట. కట్ట రెండు మూడుసార్లు తెగింది. ఎందుకు తెగుతోందని రాజు బ్రాహ్మణులను అడిగితే దేవుడు బలి కోరుతున్నాడన్నారట. అరవై మంది మనుషుల తలలు, కొన్ని గుర్రాలు, దున్నపోతులు బలి ఇచ్చారని పేస్ రాశాడు. చచ్చేంత శిక్ష పడిన ఖైదీలను తెచ్చి నరికారని నూనిజ్ రాశాడు. చివరికి కట్ట నిలిచింది. దాని కింద సాగులోకి వచ్చిన పొలాలకు తొలి తొమ్మిదేళ్ళు పన్ను లేదని, ఆ తర్వాత ఏటా 20,000 వరహాల దాకా రాబడి వచ్చిందని కూడా ఆ నూనిజే రాశాడు.

ఇప్పుడు ఈ చెరువును ఏ గడిలో రాస్తారు? నగరంలోనా, కూడులోనా? నేను రెండింటిలోనూ రాశాను. కూడు గడిలో ఒక ప్లస్, ఒక మైనస్. రెండూ కొట్టేసి సున్నా వేయలేదు. తొమ్మిదేళ్ళు పన్ను లేకుండా దున్నుకున్నవాడు ఒకడు, కట్ట కింద తల పోయినవాడు ఇంకొకడు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెల్లు కారు.

ఈ మెట్టు మీద ఊరు దాటి చూడటం కూడా అవసరం. నెదర్లాండ్స్‌వాళ్ళు తమ 17వ శతాబ్దాన్ని స్వర్ణయుగం అంటారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్క ఇళ్ళు, రెంబ్రాంట్ చిత్రాలు, 1602లో పుట్టిన వాళ్ళ ఈస్టిండియా కంపెనీ. ఆ కంపెనీ ఓడలు మచిలీపట్నం దగ్గర ఆగేవి, మన కలంకారీ అద్దకపు బట్టలు ఎక్కించుకునేవి. అదే కంపెనీ పులికాట్‌లో కోట కట్టుకుని, కరువొచ్చినప్పుడల్లా మన తీరం నుంచి వేలమందిని బానిసలుగా కొని బటావియాకు (ఇవాళ్టి జకార్తాకు) పంపింది. వాళ్ళ నగరం గడిలో నిండిన బంగారానికి మన తీరంలో ఎవరో మూల్యం చెల్లించారు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం 17వ శతాబ్దానికి స్వర్ణయుగం అనే పేరు వాడటం మానేస్తామని ప్రకటించింది. అక్కడ దాని మీద పెద్ద రగడే జరిగింది. మానేయాలని నేననను. కానీ పట్టికలో "బయట ఎవరు నష్టపోయారు" అని ఒక వరస కింద కలుపుకోండి.

గుప్తుల కాలంలో వచ్చిన చైనా భిక్షువు ఫాహియాన్ జనం సుఖంగా ఉన్నారని రాశాడు. చండాలురు ఊళ్ళోకి వచ్చేటప్పుడు కర్ర చప్పుడు చేస్తూ రావాలని, ఆ చప్పుడు విని మిగతావాళ్ళు తప్పుకుంటారని కూడా ఆయనే రాశాడు. మొదటి వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ కనిపిస్తుంది.

ఆరో మెట్టు: అంకెలతో జాగ్రత్త

1700లో ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 24 శాతం భారతదేశానిదేనని ఒక లెక్క వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ అంచనా అది. అంచనా పెట్టడం తప్పు కాదు. అయితే అదే పట్టికలో మన తలసరి ఆదాయం చూడండి. 1500లో 550 డాలర్లు, 1600లో 550, 1700లో కూడా 550. రెండువందల ఏళ్ళు ఒక్క డాలరు కదలలేదంటే అది కొలిచిన అంకె కాదు, ఊహించి పెట్టుకున్నది. దానితో ఏ దశాబ్దం బంగారమో తేల్చలేం. 24 శాతం వెనక ఉన్నది ముఖ్యంగా జనాభా.

దీనికన్నా నాణేలు నయం. బంగారు వరహా బరువు, అందులో అసలు బంగారం ఎంత అన్నది తూచి చూడొచ్చు. విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు. గుప్తుల చివరి రోజుల నాణేల్లో బంగారం తగ్గుతూ వచ్చింది, ఖజానా జబ్బు అక్కడ కనిపిస్తుంది.

ఏడో మెట్టు: పేరు పెట్టినవారెవరు, ఎప్పుడు?

రాయలు తన కాలాన్ని స్వర్ణయుగం అనుకోలేదు. మన పురాణాల లెక్కలో ఆయన కలియుగంలో ఉన్నాడు, మంచికాలం అంటే ఎప్పుడో గడిచిపోయిన కృతయుగం. పేస్, నూనిజ్ రాతలను రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చు వేయించాక చదువుకున్నవాళ్ళ దృష్టి విజయనగరం మీద పడింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ. 1936లో విజయనగర స్థాపనకు ఆరువందల ఏళ్ళ ఉత్సవం. బ్రిటిష్‌వాడి కింద ఉన్నవాళ్ళకు "మాకూ ఒక రోజుండేది" అని చెప్పుకోవడం అవసరం. అవసరం నిజమే, కానీ అది 1520 గురించి కన్నా 1920 గురించి ఎక్కువ చెప్తుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెతను మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

ఎనిమిదో మెట్టు: మొదలు, చివర, తీర్పు

ఇప్పుడు పట్టికను కాస్త దూరంగా పట్టుకుని చూడండి. ఏ గడి ఎక్కడ నిండటం మొదలైంది, ఎక్కడ ఆగింది? రెండు గీతలూ గీయలేకపోతే అది యుగం కాదు, ఇష్టం. రాజు పట్టాభిషేకం, రాజు మరణం గీతలుగా వాడొద్దు. రాయలు పోయిన 1529లో ఏమీ కూలలేదు. లేపాక్షి, హంపీలో అచ్యుతరాయల గుడి ఆ తర్వాతివే.

తీర్పు రాసేటప్పుడు ఒకే వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఎవరికి, ఏ విషయంలో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరి ఖర్చు మీద. నా పట్టిక నుంచి వచ్చినవి ఇవి.

సామ్రాజ్య బలానికి 1510ల నుంచి 1520ల దాకా. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు ఈ లోపలే. ఖర్చు పన్నులు కట్టిన పల్లెలది, యుద్ధం నడిచిన నేలది.

రాజధాని నగరానికి ఇంకా పొడవు. రజాక్ చూసిన 1443 నుంచి 1565 దాకా, మధ్యలో వంశాలు మారినప్పటి ఒడిదుడుకులతో సహా. అంటే రాయలు నిండిన ఊళ్ళోకి వచ్చాడు, ఖాళీ ఊరిని నింపలేదు.

తెలుగు ప్రబంధానికి 1510ల నుంచి 1570ల దాకా. హంపీ, కొండవీడు, నంద్యాల, పెనుకొండ, గోల్కొండ అన్నీ కలిపి. ఇక్కడ స్వర్ణయుగం అనే మాట వాడటానికి నాకేమీ మొహమాటం లేదు.

నాలుగో గడి మిగిలింది. ఒక చెరువు, తొమ్మిదేళ్ళ పన్ను మాఫీ, ఒక వర్తకుడి ఫిర్యాదు, గుళ్ళ శాసనాల్లో అక్కడక్కడా సుంకాల లెక్కలు. ఇంతే దొరికాయి. 1520లో దున్నినవాడు 1480లో దున్నినవాడి కన్నా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడో లేదో వీటితో చెప్పలేను. ఆ గడిలో ప్రశ్నార్థకం వేశాను, పెన్సిల్‌తో.